మార్జిన్‌లో పసుపు

ఇప్పుడు చెప్పబోయేది ఒక మహాకావ్యం. ఇందులో రాజ్యాలు కూలుతాయి, వీరులు నేలకొరుగుతారు, ఆకాశం నుంచి పూలు కురుస్తాయి. ఇలా మొదలుపెడితేనైనా చదువుతారేమోనని ఆశ. నిజానికి ఇది కాగితానికి చుట్టూ అంగుళం ఖాళీ వదలడం గురించి. పూలు కురవవు. మా దగ్గర వానే సరిగ్గా కురవదు.

పాలమూరులో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతుండగా, హైదరాబాదులో విద్యార్థులకు వ్యాపార ఆలోచనల పోటీ పెడుతున్నారని మా కామర్స్ మేడం చెప్పారు. ముందు ఆలోచనను కాగితం మీద పెట్టి పంపాలి, నచ్చితే పిలుస్తారు. నా పక్కన కూర్చునే దోస్తు వెంటనే చెయ్యెత్తాడు. అప్పటిదాకా వాడు క్లాసులో చెయ్యెత్తింది ఫ్యాను వేయమని అడగడానికే.

వాళ్లది అచ్చంపేట దారిలో గొర్రెలు కాసుకునే ఇల్లు. అవ్వ, అంటే వాడి నాయనమ్మ, నల్లగొర్రె ఉన్ని వడుకుతుంది. బాపు, అంటే నాన్న, గొంగడి నేస్తాడు. గొంగళ్లు కొనేవాళ్లు తగ్గిపోయారు. ఆ ఉన్నితో ల్యాప్‌టాప్ సంచులు చేసి అమ్మాలన్నది మా ఆలోచన. మా అంటే వాడిది. నాకు టైపింగ్ వచ్చు. గెలవాలన్న పిచ్చి వాడికి లేదు.

"అవ్వ చేసే పని పట్నంల ఎవలన్న ఒక్కలు జర మంచిగ సూడాలెరా. గంతే," అనేవాడు.

అవ్వకు అప్పటికే ఆయాసం. దవాఖానకు తిప్పుతున్నారు. ఆ 'గంతే' ఎంత పెద్దదో నాకు తెలుసు కాబట్టి, ఏదో ఒక జోకు వేసి మాట మార్చేవాణ్ని.

నిబంధనలు మేం రాసినదానికంటే పొడుగున్నాయి. ఏ ఫోర్ కాగితం. చుట్టూ అంగుళం ఖాళీ. అక్షరం సైజు పన్నెండు. వరుసల మధ్య రెట్టింపు జాగా. పేజీ నంబరు కింద, కుడిపక్కన. పేర్లు పైకాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించకూడదు. ఫైలు, బైండింగు కూడదు, ఎడమపక్క పైన ఒక్క పిన్ను చాలు. పేజీల మీద గుర్తులు, అలంకారాలు ఏవి ఉన్నా ప్రతిని పరిశీలించరు. స్కెచ్ పెన్నుతో పూల అంచులు గీసి రికార్డులకు మార్కులు తెచ్చుకున్న జాతి మాది. ఈ ఆఖరి నియమం చదివి క్లాసులో సగం మంది పోటీ మానుకున్నారు.

జిరాక్స్ దుకాణం అన్న కూడా ఒప్పుకోలేదు. "స్పైరల్ ఏస్తెనే ఇజ్జత్ తమ్మీ. పిన్ను కొడితె కరెంటు బిల్లు లెక్క కనవడ్తది."

"రూల్ అన్నా."

"రూల్ రాసినోనికి దుకాణం లేదు. గందుకే."

ప్రింటు తీసుకుని ఆదివారం ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. అవ్వ మంచంలో లేచి కూర్చుంది.

"సదువురా, నా గురించి ఏం రాసిన్రో."

రాసింది ఇంగ్లీషులో. వాడు తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. 'ఎంతో అనుభవం గల హస్తకళా నిపుణురాలు' అన్నచోట అవ్వ ఆపింది.

"గామె ఎవలు?"

"నువ్వే అవ్వా."

"నీ పాడుగాను, గామె నాకంటె బాగున్నది," అని నవ్వి, నవ్వినందుకు చాలాసేపు దగ్గింది. తర్వాత కాగితం అంచు తడిమింది. "సుట్టూ గింత జాగా ఇడ్సిపెట్టిన్రేంది? బీడు పెట్టిన్రా?"

"రూల్ అవ్వా. అక్కడ ఏం రాయొద్దు," అన్నాను.

"నేను రాస్తలేను తియ్యి."

కోడలితో పసుపు గిన్నె తెప్పించుకుంది. పెండ్లి పత్రికకు పెట్టినట్టు, తడిపిన పసుపును ప్రతి కాగితానికీ నాలుగు మూలలా వేలితో అద్దింది. మంచి పని మీద ఊరు దాటేది ఏదైనా పసుపు లేకుండా ఆ ఇంటి గడప దాటదు. ఒక్కో మూలకూ ఆగి ఊపిరి తీసుకుంటున్న ముసలామెకు నిబంధన చదివి వినిపించే మొనగాడు ఇంకా పుట్టలేదు. మళ్లీ ప్రింటు తీద్దాంలే అని ఇద్దరం కళ్లతోనే అనుకున్నాం.

"ఇగ పోనియ్యిన్రి పట్నంకు," అంది అవ్వ.

ఆ వారంలోనే దవాఖానలో పడింది. రేపు ఇంటికి పంపిస్తామన్నారు డాక్టర్లు. పంపించారు, మాట తప్పలేదు. బాపు అంబులెన్సు వెనక తలుపు పట్టుకుని నిలబడ్డాడు గానీ, దించమని ఎవరితోనూ అనలేదు.

అవ్వ మూడో దినం అయ్యాక వాడు కాలేజీకి వచ్చాడు. కొరియర్ చేయడానికి అదే ఆఖరి రోజు. మేడం కొత్త ప్రింటు తీయించి, పిన్ను కొట్టించి పెట్టారు. వాడు సంచిలోంచి పసుపు కాగితాలు తీశాడు.

"ఇది పంపితే సదవకుండనే పక్కకు పెడ్తరు బిడ్డా," అన్నారు మేడం. "ఇది ఇంట్ల దాసుకో. కొత్తది పంపుదాం."

"అవ్వ పంపేటందుకు పెట్టింది మేడం. దాసుకునేటందుకు కాదు."

"మరి వాళ్లు సదవాలె గద?"

వాడు కాగితాల అంచులు సరిచేశాడు. "మేం రాసింది గాదు మేడం వాళ్లు సూడాల్సింది."

అక్కడ నేనొక జోకు వెయ్యాలి. క్లాసులో నా ఉద్యోగమే అది. కవరుకు జిగురు రాశాను. మేడం కొత్త ప్రింటును సొరుగులో పెట్టి, కొంగుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

ఫలితాల్లో మేం గెలిచినవాళ్లలో లేం. ఓడినవాళ్లలోనూ లేం. 'నిబంధనలకు విరుద్ధం' అన్న పట్టికలో ఉన్నాం. వాడు గొడవ పడలేదు. కొన్నాళ్లు పోయాక, బస్టాండులో నిలబడి ఉండగా, "గా కాగితాలు వాపసు అడుగుదామారా?" అన్నాడు. ఆ అడగడంలో వాడి గొంతు చిన్నపిల్లాడిది. నంబరు నేనే కలిపి, స్పీకర్ పెట్టాను.

"ఏ ఎంట్రీ అండీ?" అన్నాడు అవతలి మనిషి.

"మూలలకు పసుపు ఉంటది సార్," అన్నాడు వాడు.

"ఆ, అదా. టిఫిన్ పడిందనుకున్నాం."

"కాదు సార్. మా అవ్వ పెట్టింది. అవ్వ లేదిప్పుడు."

ఆయన, కోపమేమీ లేకుండా, విషయం చెప్పాడు. పోటీకి వచ్చిన ప్రతులను తిరిగి ఇవ్వరు. ఫలితాలు రాగానే ముక్కలు చేసి, పాత కాగితాల బండికి వేసేస్తారు.