లొట్టి చెట్టుకే, కల్లు కిందికి

ఇవాళ పొద్దున చిన్నకోడూరు నుంచి సిద్దిపేటకు వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి కాళ్ల దగ్గర ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. కుదుపులకు మూత వదులై తాటికల్లు వాసన గుప్పుమంది. ముందు సీటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం రిజ్వానా మేడం గుర్తొచ్చారు. జన్మలో కల్లు చుక్క ముట్టని మనిషిని ఆ వాసనతో తలుచుకోవడం అన్యాయమే. తప్పు నాది కాదు, ఆమె చెప్పిన పాఠానిది.

ఆమె పాత బస్టాండు దగ్గర ఒక మేడ మీద కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. డిగ్రీ అయిపోయాక పైథాన్ నేర్చుకుందామని చేరాను. దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట వ్యవసాయం అని రాశాను. నిజానికి మాకు గుంట భూమి కూడా లేదు. బాపు తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. ఇంగ్లిషు గడగడా మాట్లాడే పిల్లల మధ్య ఆ మాట రాయడానికి సిగ్గుపడ్డాను. ఇప్పుడు ఆ సిగ్గును తలుచుకుంటేనే సిగ్గేస్తుంది.

రెండో వారంలో ఫంక్షన్లు మొదలయ్యాయి. పదేపదే చేసే పనిని ఒకచోట రాసి దానికో పేరు పెడితే, తర్వాత ఆ పేరుతో పిలిస్తే చాలు, పని జరిగిపోతుంది. వినడానికి ఎంత తేలికో! మార్కులు కూడే ఫంక్షన్ రాయమన్నారు. అందరి తెరల మీదా మొత్తం వచ్చింది. నా తెర మీద మాత్రం, ఏమీ లేదని చెప్పే 'నన్' అన్న ముక్క. మూడు రోజులూ అదే. నాలుగో రోజు, ఇది నా వల్ల కాదు, రేపటి నుంచి రానని చెప్పేశాను. మేడం బతిమాలలేదు. మీ బాపు ఏం పని చేస్తాడని అడిగారు. ఎలాగూ మానేస్తున్నాను కదా అన్న తెగింపుతో నిజం చెప్పాను. ఆమె చాక్‌పీస్ నా చేతిలో పెట్టి, వెళ్లి నా బెంచీలో కూర్చున్నారు.

“ఒక్క చెట్టు పని చెప్పు. మొదటిసంది.”

మోకు వేసుకుని ఎక్కడం, గెలకు కట్టిన లొట్టిలో నిండిన కల్లును నడుముకు వేలాడే కుండలోకి వంపుకోవడం, గెలను కత్తితో గీయడం, ఖాళీ లొట్టిని మళ్లీ చెట్టుకే కట్టడం, దిగడం. అన్నీ బోర్డు మీద రాశాను. పక్క తాటికీ ఇదే పని, చెట్టు ఒక్కటే మారుతుందన్నాను. ఎవరూ నవ్వలేదు.

“నీ ఫంక్షన్ గూడ మంచిగనే ఎక్కింది, గీసింది,” అన్నారు మేడం. “మరి కింద నిలబడ్డోళ్లకు కల్లేది? కుండ పైన్నే ఇడిసిపెట్టి ఒట్టి చేతులతోని దిగింది.”

కూడిన మొత్తాన్ని, పిలిచినవాళ్లకు తిరిగి ఇచ్చే రిటర్న్ అన్న ఒక్క వరుస నేను రాయనేలేదు. అప్పుడు రాశాను, మొత్తం వచ్చింది. లోపల వాడుకున్నవి లోపలే ఉంటాయని, రిటర్న్ చేసిందే బయటికి వస్తుందని మేడం అందరికీ చెప్పారు. లొట్టి చెట్టుకే, కల్లు కిందికి. సాయంత్రం వెళ్లేముందు నా దరఖాస్తు తీసి నా ముందు పెట్టారు. వ్యవసాయం కొట్టేసి కల్లుగీత అని రాశాను. ఇంటికెళ్లి చెబితే బాపు చాలాసేపు నవ్వాడు.

“గింత సదివి మల్ల నా పనే నేర్చుకున్నవా బిడ్డా?”

మేడం పోయి రెండేళ్లయింది. ఇప్పుడు సిద్దిపేటలోనే నేనూ పాఠాలు చెబుతున్నాను, బాగానే చెబుతానని నా నమ్మకం. ఇవాళ బస్సు దిగి క్లాసుకు వెళ్లేసరికి, నంగునూరు నుంచి వచ్చే అమ్మాయి తెర మీద అదే నన్, కళ్లలో నీళ్లు. మీ అమ్మ ఏం చేస్తుందని అడిగాను. తల వంచుకుని, కూలికి పోతుందని చెప్పింది. ఏం కూలి అన్నాను.

“నాట్లేస్తది మేడం.”

చాక్‌పీస్ ఆమె చేతిలో పెట్టి, వెళ్లి ఆమె బెంచీలో కూర్చున్నాను.

“ఒక్క మడి పని చెప్పు. మొదటిసంది.”