కృష్ణ మీద బరువు తూచిన శారదాంబ గారు

శారదాంబ గారు ఇక లేరన్న వార్త మొన్న ఉదయం గుంటూరులో మా కాలేజీకి ఫోనులో వచ్చింది. పొన్నూరులోని పుట్టింట్లో కాఫీ తాగుతూ, మాట మధ్యలోనే కుర్చీలో ఒరిగిపోయారట. అంతకుముందు సాయంత్రమే ల్యాబులో నాతో గట్టిగా వాదించిన మనిషి! రిసీవరు పెట్టేసినా, ఆమె గొంతు నా చెవిని విడవలేదు.

మెకానికల్ విభాగంలో ఆమె దీర్ఘకాలం ఆచార్యత్వం నెరపిన విదుషి. ఏ ఇంజను మంచిదని విద్యార్థులు అడిగితే, "ఏ పనికిరా? ఎంత బరువుతో? అది చెప్పకుండా మంచిచెడ్డలు అడక్కండి" అని కసిరేవారు. తెలియనిది తెలియదని చెప్పడానికి ఆమె ఏనాడూ సిగ్గుపడలేదు. ఆ గుణం ఎంత గొప్పదో నాకు తెలిసింది తరగతి గదిలో కాదు, అమరావతి దగ్గర, నది మీద.

ఈ దశాబ్దం మొదట్లో రత్తయ్య గారనే పత్తి మిల్లు యజమాని, యాత్రికులను కృష్ణలో షికారు తిప్పుదామని మూడు పాత మోటారు పడవలు కొన్నారు. ఒకదానికి మోటారు వెనక అంచుకు తగిలించి ఉంటుంది. రెండోదానికి ఇంజను లోపల, నీళ్ళను నెట్టే పంకాను తిప్పే కాలు బయట. మూడోదానికి ఇంజను నడిమధ్య, అక్కణ్ణుంచి నీళ్ళలోకి పొడవాటి షాఫ్టు. "ఏది తక్కువ ఆయిలు తాగుద్దో తేల్చండి మేడమ్" అని ఆయన బతిమాలారు. అదే విభాగంలో పాఠాలు చెప్పే నన్ను ఆమె తోడు రమ్మన్నారు.

మనుషులకు బదులు ఇసుక బస్తాలు వేసుకుని, మంచు విడవని ఉదయాల్లో ఒకే దారిలో మూడింటినీ నడిపాం. ఒడ్డున కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు నీటి మీదికి తేలివచ్చేది. నెమ్మదిగా వెళ్తే షాఫ్టు పడవ పొదుపు. వేగం పెంచితే కాలు బయటున్నది మేలు. వెనక తగిలించినది తేలిక, కానీ దాహం ఎక్కువ. అంతా శాస్త్రం చెప్పినట్టే ఉంది, ఒక్క మలుపు దగ్గర తప్ప.

ఆ మలుపులో మూడు పడవలూ ఒక్కలాగే మూలిగేవి, ఇంధనం విపరీతంగా తాగేవి. అంచులు నీటికి దగ్గరగా దిగేవి. నడిపే కోటయ్య ముఖం పాలిపోయేది.

"బరువెక్కిందండీ" అన్నాడు ఒకరోజు.

"ఎవరూ ఎక్కలేదు కదయ్యా?" అన్నారు శారదాంబ గారు.

"ఎక్కలేదండీ. కానీ ఎక్కింది."

ఆమె నవ్వలేదు. లోతు తక్కువైతే పడవ కుంగుతుందని గెడ వేయించారు, అడుగు అందలేదు. పంకాకు నాచు చుట్టుకుందేమోనని తీయించారు, శుభ్రంగా ఉంది. ప్రవాహమేమోనని తిరిగి వెళ్ళి చూశారు, ఎదురెళ్ళినా వాలుకెళ్ళినా అదే బరువు. మలుపు దాటగానే పడవ తనంతట తానే లేచేది. ఎవరో దిగిపోయినట్టు.

"షాఫ్టు పడవ వాడండి, నెమ్మదిగా నడపండి. ఆ మలుపు దాటాలంటే మాత్రం సగం మందినే ఎక్కించండి. కారణం నాకు తెలియదు" అని రత్తయ్య గారికి తేల్చి చెప్పారు.

"ఈ మాట బయటికొస్తే ఒక్కడెక్కడు మేడమ్!"

"రాకపోతే అందరూ ఎక్కుతారు. నా భయమంతా అదే."

ఆయన వినలేదు. ప్రారంభం రోజున పడవ కిక్కిరిసింది. శారదాంబ గారు రేవులో అడ్డంగా నిలబడి, "సగం మంది దిగాల్సిందే. దిగకపోతే నా మీదుగా పోనివ్వండి" అన్నారు. "ఎవరండీ ఈవిడ?" అని జనం అరిచారు, తిట్టారు. చివరికి గొణుక్కుంటూ సగం మంది దిగారు. అప్పుడు ఆమె ఎక్కారు, వెనకే నేనూ.

మలుపులో ఇంజను నల్లటి పొగ కక్కింది. పడవ కుంగి కుంగి, నీళ్ళు అంచు దాటి మా పాదాలను తడిపాయి. పట్టపగలు, ఎండ కాస్తూనే ఉంది. అయినా నా భుజాలకు ఇరువైపులా ఎవరో ఒరుసుకుని కూర్చున్నట్టు చలి. ఖాళీగా ఉన్న బల్లలు కిర్రుమన్నాయి. పిల్లలు ఏడుపు కూడా మరిచారు.

"ఎవరూ లేవకండి" అన్నారామె మాతో. తర్వాత ఖాళీ బల్లల వైపు తిరిగి చేతులు జోడించారు. "మేం వెళ్ళిపోతాం. పిల్లలున్నారు. దారివ్వండమ్మా."

పడవ కాసేపు అలాగే ఉండి, మెల్లగా లేచింది.

ఒడ్డు చేరాక, "ఎవరితో మాట్లాడారు మేడమ్?" అని అడిగాను. "తెలియదు మాస్టారూ. కారణం తెలియనప్పుడు మర్యాదగా ఉంటే పోయేదేముంది?" అన్నారు. ఆ సాయంత్రమే రత్తయ్య గారు షికార్లు ఆపేశారు.

ఆనాడు ఆమె మాట మీద సగం మంది దిగి ఉండకపోతే ఏమయ్యేదో తలుచుకోవడానికి నాకిప్పటికీ ధైర్యం చాలదు. దిగినవాళ్ళు ఆమెను తిట్టుకుంటూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆవిడెవరో వారికి తెలియదు, మొన్న కన్నుమూశారనీ తెలియదు. అటువంటి ధీమతి మాకు మళ్ళీ దొరకదు. ఆ తెలియనివారందరి తరఫున కూడా ఆ తల్లికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను.