నల్ల వైరు

నాకు నోరెక్కువ. ఈ మాట మా ఆయన పెళ్లయిన కొత్తలోనే అన్నాడు, తర్వాత మా వీధి వీధంతా అన్నది. ఆ ఎండాకాలం ఐదు వారాల పాటు ఆ నోరంతా ఒక్క పనికే వాడాను. ఆయన్ని వికారాబాద్‌లో ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించాలి. దగ్గు మొదలై నెలలు గడిచాయి. రెండు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడేవాడు. అన్నం తింటూ తింటూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవాడు.

ఆయన తాండూరులో బండలు పాలిష్ చేసే యూనిట్లలో కరెంటు పని చూసేవాడు. ఏ మోటారు ఆగినా ఆయనకే కబురు. ఇరవై ఏళ్లకు పైగా ఆ రాతి పొడిలోనే నిలబడి పని చేశాడు. ఆ పొడిని మా దగ్గర పౌడర్ అంటారు. తాండూరులో ఏది చెడినా నెపం పౌడర్ మీదికే పోతుంది. ఫ్యాను తిరగకపోతే పౌడర్, గడియారం ఆగిపోతే పౌడర్, కుట్టుమిషను బిగుసుకుంటే పౌడర్. ఆయన దగ్గుకి కూడా అదే పేరు.

"పౌడర్ లోపటికి వోయింది, అంతే. ఏడినీళ్లు తాగితె వోతది" అనేవాడు.

పౌడర్ అన్నాక మా ఊళ్లో ఇంకెవరూ ఏమీ అడగరు. నేనూ చాలాకాలం అడగలేదు.

అడగడం మొదలుపెట్టాక ఇక ఊరుకోలేదు. రైల్లో పోదామంటే, పదిమంది నడుమ దగ్గుకుంట కూసోనన్నాడు. కిరాయి కారు మాట్లాడతానంటే, మన కారు వాకిట్ల ఉండంగ కిరాయెందుకన్నాడు. సరే, మన కార్లోనే పోదామన్నాను. అది మా చేతికి వచ్చేసరికే ఇద్దరి చేతుల్లో నలిగిన పాత కారు. అయినా నడుస్తుంది. పోదామనుకున్న రోజు పొద్దున ఆయన తాళం తిప్పి, అలాగే కూర్చుండిపోయాడు.

స్టీరింగు వెనక మీటర్లో ముళ్లు, మా దగ్గర కాంటాలంటారు, రెండూ తప్పు చూపిస్తున్నాయి. పెట్రోలు ముందురోజే పోయించాం, ఆ కాంటా అడుగున పడి ఉంది. ఇంజను ఎంతసేపు తిరిగినా, దాని వేడి చూపించే కాంటా కూడా అంతే. ఇండికేటరు వేస్తే దాంతోపాటే రెండూ టకటకా ఎగురుతున్నాయి.

"ఇంజిన్ కాగుతున్నదో లేదో తెల్వకుంట అంత దూరం ఎట్ల పోతం? నడుమ దారిల ఆగితె ఎవడున్నడు?" అన్నాడు.

ఆ మాట న్యాయమే అనిపించింది. రెండు రోజుల్లో బాగు చేస్తాడులే అనుకున్నాను. మూడు యూనిట్ల మోటార్లకి వైద్యం చేసేవాడికి ఇదెంత?

ఆ రోజు నుంచి నేను టార్చి పట్టుకునే మనిషినయ్యాను. ముందు ఫ్యూజులన్నీ తీసి చూశాడు. బాగానే ఉన్నాయి. ఇంజను దగ్గర వేడిని కొలిచే బుడిపెకు తగిలించిన వైరు ఊడదీసి బాడీకి ఆనించాడు. కాంటా పైకి లేవాలట, లేవలేదు. మీటరంతా విప్పి వెనక ప్లగ్గులు తుడిచాడు. చిన్న బల్బుకి రెండు వైర్లు కట్టి ఒక్కొక్క చోటా ముట్టించి చూశాడు. మధ్యమధ్య దగ్గు వస్తే సీటు మీదికి ఒరిగి, అది తగ్గాక మళ్లీ వంగేవాడు.

"కరెంటు వస్తున్నది. తిరిగి వొయ్యే తొవ్వ లేదు. గీ నల్ల వైరు సూడు, ఇదే అర్తింగు. ఇది పట్టు ఇడిస్తె అన్ని కాంటలు అబద్ధం చెప్తయి" అన్నాడు.

డ్రైవరు ఎడమ కాలి పక్కన, అట్ట వెనకాల ఉందది. నల్ల వైరు కొసన ఒక క్లిప్పు, అది ఎక్కే రేకు కారు బాడీకి బిగించి ఉంది. రేకు తుప్పు పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది మెరిసేలా చేసి క్లిప్పు నొక్కాడు. రెండు కాంటాలూ బుద్ధిగా లేచి నిలబడ్డాయి. రేపే పోదామన్నాను. తెల్లారి తాళం తిప్పితే మళ్లీ మొదటికే వచ్చింది.

"పౌడర్" అన్నాడు.

అట్లా నాలుగుసార్లు జరిగింది. సాయంత్రం బాగవుతుంది, పొద్దునకి చెడుతుంది. క్లిప్పు ఊడదీసేటప్పుడు ఆయన వీపే టార్చికి అడ్డం, నాకేమీ కనబడేది కాదు. వేరే మెకానిక్‌ని పిలిపిస్తే, నా కారు మీద ఇంకొకడు చెయ్యి వెయ్యొద్దని గుమ్మంలోంచే పంపేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు కరెంటు పని ఏడ నేర్సినవయ్యా, గా రెండు ముండ్లు లేపొస్తలేదు" అని నలుగురిలో అన్నాను. ఎప్పుడూ మాటకి మాట అనే మనిషి, ఆ రోజు తల వంచుకుని లోపలికి పోయాడు. నాకప్పుడైనా అనుమానం రావలసింది.

ఒక మధ్యాహ్నం ఆయన తిని పడుకున్నాక, ఇక నేనే చూస్తానని టార్చి తీసుకుని కార్లో దూరాను. ఎక్కడ చూడాలో తెలుసు, ఇన్ని రోజులు వెలుగు పట్టింది నేనే కదా. అట్ట జరిపి క్లిప్పు లాగాను. రేకు మీద తుప్పు లేదు, పౌడర్ లేదు. రేకు చుట్టూ నల్లటి ప్లాస్టిక్ లాంటి ముక్క చుట్టి ఉంది. కత్తెరతో కొలత పెట్టి కత్తిరించిన ముక్క. అది అడ్డం ఉంటే కరెంటు ఎట్లా పోతుంది?

విప్పి వెలుగుకి పెట్టాను. ఎక్స్‌రే ఫిల్మ్. తెల్లగా పక్కటెముక కొస ఒకటి కనబడింది. మూలన తెల్లటి అక్షరాల్లో ఆయన పేరులో సగం, వయసు, తారీఖు ఉన్నాయి. ఆ తారీఖుకి నాలుగు నెలలు దాటింది. ఎక్స్‌రే తీయించుకున్నట్టు నాతో ఒక్క మాట అనలేదు.

ఆయనకి తెలుసు. నాలుగు నెలలుగా తెలుసు. లేపి ఆ ముక్క ముఖాన కొడదామని కారు దిగాను. కిటికీలోంచి చూస్తే గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వీపు ఎగిరెగిరి పడుతోంది. నా కోపం ఎటు పోయిందో పోయింది, భయమొక్కటే మిగిలింది. ఇంత చేసి దాచాడంటే అది ఎంత పెద్ద జబ్బయి ఉండాలి? ఇక డాక్టరు కొత్తగా చెప్పేదేముంది? ఆ మాట వినేదాకా ఇది పౌడరే. ఇంకొన్నాళ్లు పౌడర్‌గానే ఉండనీ అనుకున్నాను.

మళ్లీ కార్లో కూర్చుని, ముక్కని ఆ మడతల్లోనే రేకుకి చుట్టి, క్లిప్పు నొక్కాను.

ఆయన లేచి వచ్చి, "కార్ల ఏం జేస్తున్నవ్?" అన్నాడు.

"ఊడుస్తున్న."

కాసేపు నా ముఖంలోకి చూశాడు. "హైదరాబాద్‌ల పాత మీటరు దొరుకుతదట. తెప్పిద్దం. జర ఆగు."

"సరే" అన్నాను. నా నోట అంత చిన్న మాట ఆయన ఎన్నడూ విని ఉండడు. ఆ తర్వాత వికారాబాద్ ఊసు నేనెత్తలేదు, ఆయనా ఎత్తలేదు. ఇద్దరం మీటరు కోసం ఎదురు చూస్తున్నట్టు ఉండిపోయాం.

నెలా పది రోజులకి, పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగానే ఊపిరి అందలేదు. అంబులెన్స్‌లో వికారాబాద్ తీసుకుపోయారు. నెలల తరబడి పోలేని దూరం గంటలోపే అయిపోయింది.

అక్కడ డాక్టరమ్మ చిన్న పిల్ల, మా బిడ్డ వయసుంటుంది. కొత్తగా తీసిన ఫిల్మ్ వెలుగుకి పెట్టి చూసి నా వైపు తిరిగింది. "ఇన్ని రోజులు ఎందుకు తీసుకురాలేదమ్మా? నెల ముందు వచ్చినా చేయడానికి ఏదో ఒకటి ఉండేది" అంది.

నెల ముందు. నేను వేళ్ల మీద లెక్క పెట్టుకోలేదు. అవసరం లేకపోయింది.

"కారు ఖరాబైంది మేడం" అన్నాను.

ఆమె నమ్మలేదు. మంచం మీద ఆయన్ని అడిగింది, నిజమేనా అని. ఆయన మాస్కు పెట్టుకుని ఉన్నాడు, మాట రాదు. నా కళ్లలోకే చూస్తూ, అవునన్నట్టు తల ఊపాడు.