మనుమలకు మేకతాళ్లు

మొన్న ఎండాకాలం కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున గుడారం వేసుకుని, నాలుగేళ్ల మనుమడికీ ఐదేళ్ల మనుమరాలికీ గాలంతో చేపలు పట్టడం చూపిద్దామనుకున్నాం. నా భయమంతా నీళ్లతోనే. అరవై ఏళ్లకు అక్షరాలు నేర్చుకున్నదాన్ని, సామాన్ల చిట్టీ నేనే రాశాను. మొదట తాళ్లు, తర్వాతే బియ్యం.

"తాళ్లెందుకు అత్తమ్మా?" అంది కోడలు.

"మేకపిల్లల్ని గట్లనే కాపాడిన. గీళ్లేం ఎక్కువ?" అన్నాను.

ఒడ్డున పిల్లల నడుములకు తాళ్లు కట్టి, రెండు కొసలూ నా నడుముకు ముడేసుకున్నాను. కాసేపటికి నా కొడుకు గాలానికి జెల్ల చేప పడింది. ఒడ్డున వేస్తే అది ఎగిరెగిరి దూకింది. పిల్లలు హడలిపోయి నా చుట్టూ ఉరికారు. తాళ్లు కాళ్లకు చుట్టుకుని నేను బురదలో జారి, మోకాలిలోతు నీళ్లలో చతికిలబడ్డాను. నా కొడుకు ఉరికొచ్చి పిల్లల్ని పట్టుకున్నాడు.

"బాపూ, గుంజు! అవ్వ పడ్డది!" అని మనుమడు ఒకటే కేకలు.

కొడుకు ఆ తాళ్లతోనే నన్ను ఒడ్డుకు లాగాడు. నవ్వాపుకోలేక మధ్యలో రెండుసార్లు వదిలేశాడు కూడా.

పిల్లలకు చుక్క తడి అంటలేదు. తాళ్లు విప్పేశాను. నేను మళ్లీ పడతానని భయమేమో, పొద్దుగూకేదాకా ఇద్దరూ నా చేతులు వదల్లేదు.