డాక్టరుగారి ఎర్ర కారు మొరాయించిన మూడు వారాలు

నరసరావుపేటలో నాది ఆటో ఎలక్ట్రికల్ షాపు. వచ్చేవన్నీ ట్రాక్టర్లు, ఆటోలు. అందుకే మాచర్ల డాక్టరుగారు తన పాత స్పోర్ట్స్ కారు తెచ్చి అప్పజెప్పినప్పుడు నా కాళ్లు నేల మీద నిలవలేదు. రెండు తలుపులది, ఎర్రది, ఫారిన్‌ది. కూర్చుంటే రోడ్డు మీద చతికిలబడ్డట్టే ఉంటుంది.

దాని పాత వైరింగంతా పీకి కొత్తది వేసింది నా బామ్మర్ది. నా భార్యకి తమ్ముడు, పద్దెనిమిదేళ్లుగా నాతోనే పని. మాట తక్కువ, చెయ్యి శుభ్రం. పని అయిందన్న రోజున తాళం తిప్పగానే బండి అందుకుంది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజ ముందు మా షాపులకి ఒక పిచ్చి పడుతుంది. పానాల దగ్గర్నుంచి కంప్రెసర్ దాకా కడగటం, కడిగినదానికల్లా రంగు వేయటం. బొట్టు పెట్టే చోట తుప్పు కనపడితే మాకు నామోషీ. తన కారుకీ పూజ చేయమన్నారు డాక్టరుగారు. బానెట్ ఎత్తి, తుప్పు గీకి, లోపలంతా నేనే సిల్వర్ పెయింటు కొట్టాను. అడ్డమొచ్చిన బోల్టులు విప్పి మరీ కొట్టాను. పూజనాడు చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

పండగ మర్నాడు తాళం తిప్పితే ‘టక్’ అంది. అంతే.

బ్యాటరీ మార్చాను. సెల్ఫ్ మోటారు విప్పి బుష్షులు, కార్బన్లు మార్చాను. ఒకరోజు స్టార్టయ్యేది, మర్నాడు మళ్లీ టక్. లైట్లు చక్కగా వెలిగేవి, తాళం తిప్పగానే నీరసపడేవి. మా వైపు సగం ట్రాక్టర్లకి సెల్ఫ్ పనిచేయదు. రైతు దాన్ని ఎత్తు మీద ఆపుకుని, పొద్దున పల్లానికి వదిలి గేరు వేస్తాడు. అట్లా నడుపుకోమని డాక్టరుగారికి చెప్పలేను కదా.

రెండో రోజే బామ్మర్ది అన్నాడు, “బావా, ఒకసారి ఎర్త్ బోల్టు చూద్దామా?”

“అది నా చేత్తో విప్పి నా చేత్తో బిగించిందిరా. ముందు నీ వైరింగు చూసుకో.”

వాడు ప్రతి వైరూ మళ్లీ చూశాడు. ఏమీ దొరకలేదు. దొరకనందుకు నాకు ఇంకా మండింది. డాక్టరుగారు ఫోన్ చేస్తే, “మా బామ్మర్ది ఏదో తప్పు కలిపాడు సార్” అన్నాను. టీ కొట్టులో అదే చెప్పాను, స్పేర్ పార్టుల షాపులోనూ అదే చెప్పాను. ఆడలేక మద్దెల ఓడు అనటం నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. చివరికి ఒకరోజు నలుగురు రైతుల ముందు, “పద్దెనిమిదేళ్లు నేర్పినా వైరు కలపటం రాలా నీకు” అని అరిచాను. వాడు చేతులు తుడుచుకుని, టెస్టరు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. వారం తర్వాత, కారంపూడిలో ఎవరి ట్రాక్టర్ షాపులోనో చేరాడని తెలిసింది.

ఇంట్లో నా భార్య ఒక్క మాటే అంది. “వాడు తప్పు చేస్తే చేశానంటాడు. దాచడు.”

మూడో వారంలో ఒక పొద్దున, ఒక్కడినే కారుతో కుస్తీ పడుతున్నాను. పదిసార్లు తాళం తిప్పి, విసుగొచ్చి, బానెట్ కింద వంగి యాక్సిలరేటర్ కేబుల్ పట్టుకున్నాను. వేలు చురుక్కుమంది. కేబుల్ కాలిన పెనంలా ఉంది. సెల్ఫ్‌కి వెళ్లిన కరెంటు వెనక్కి రావటానికి సరైన దారి లేక, ఆ సన్నటి తీగ పట్టుకుని వస్తోంది. కాలవకి అడ్డం పడితే నీళ్లు పక్క చేలో పడవూ, అట్లా. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్‌కి లావు వైరు తగిలించి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే బండి గర్జించింది.

బ్యాటరీ మైనస్‌ని బండి ఇనుముకి కలిపే ఎర్త్ బోల్టు విప్పాను. దాని కింద, ఇనుముకీ ఇనుముకీ మధ్య, కరెంటుకి అడ్డంగా, దట్టంగా నా సిల్వర్ పెయింటు. నా బ్రష్షు గీతలు కూడా కనపడుతున్నాయి. దాన్ని ఉప్పుకాగితంతో రుద్ది బోల్టు బిగించాను.

సాయంత్రం డాక్టరుగారు వచ్చారు. టీ కొట్టు జనమూ చేరారు. బండి అందుకోగానే ఆయన నవ్వి, “అయితే మీ బామ్మర్ది పనేనన్నమాట” అన్నారు.

కాదు సార్, నేనే, అనాలి. మూడు మాటలు. “చిన్న కనెక్షన్ సార్, సరిచేశా” అన్నాను. “బామ్మర్దుల్ని నమ్ముకుంటే అంతే” అన్నారాయన. అందరితోపాటు నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి కారంపూడి వెళ్లాను. వాడు ట్రాక్టరు పక్కన కూర్చుని డైనమో బిగిస్తున్నాడు. పెయింటు సంగతి, కేబుల్ సంగతి, అన్నీ చెప్పాను. “తప్పు నాదేరా. వచ్చెయ్” అన్నాను.

వాడు నా కాలిన వేలు పట్టుకుని చూశాడు. “మందేమన్నా పూశావా?” అని అడిగాడు. “డాక్టరుగారికి చెప్పావా బావా?” అన్నాడు.

వాడు పానా చేతిలో పట్టుకుని చానాసేపు ఎదురుచూశాడు. డాక్టరుగారి నంబరున్న ఫోను నా జేబులోనే ఉంది. తీయలేదు.

“మధ్యాహ్నం దాకా బస్సు లేదు, అన్నం తినిపో బావా” అని వాడు ట్రాక్టరు కిందికి దూరాడు.