నెలాఖరు దాకా సంతోషమే

2024 వానాకాలంలో మొదలైన సంగతి ఇది. మెదక్ బస్టాండుకు దగ్గర్లో, ఒక బట్టల దుకాణం మీది గదిలో కూర్చుని నేను ఫోన్లో మాట్లాడే ఉద్యోగం చేస్తున్నాను. మానసిక ఆరోగ్యం కోసం తయారైన ఒక యాప్‌కు నేను కోచ్‌ని. అంటే డాక్టరును కాను. యాప్‌లో చేరినవాళ్లు దాన్ని మధ్యలో వదిలేయకుండా వారానికోసారి ఫోన్ చేసి, ఎలా ఉన్నారో అడిగి, అందులోని అభ్యాసాలు చేయించడం నా పని. రోజుకు ముప్పై మంది. సాయంత్రానికి "ఎట్లున్నరు" అనే మాట నా నోట్లో చప్పబడిపోతుంది.

ఎవరు యాప్ తెరుస్తున్నారో, ఎవరు మానేశారో చూపే తెరను డాష్‌బోర్డ్ అంటాం. రోజూ తెరిచేవాళ్ల పేరు పచ్చగా, మానేసినవాళ్లది ఎర్రగా కనిపిస్తుంది. ఈ రాకపోకలకే ఎంగేజ్‌మెంట్ అని పేరు. మా పనిని కొలిచేదీ దానితోనే. ప్రతి శనివారం 'మీరు ఎలా ఉన్నారు?' అని కంపెనీ నుంచి మాకూ ఒక ఫారం వస్తుంది. చదవకుండానే 'బాగున్నాను' నొక్కి పంపేస్తుంటాను.

నా జాబితాలో ఎన్నడూ పచ్చదనం తగ్గని పేరు సుగుణక్కది. చేగుంట దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్. భర్త పోయాక నిద్ర పట్టడం లేదని చేరింది. రెండు నెలల్లో ఒక్క రోజు తప్పలేదు. యాప్‌లో రోజూ నింపే మనసు గడిలో నవ్వు బొమ్మే, నిద్ర గడిలో ఏడు గంటలే.

"అన్నీ ఎక్కించిన మేడం. పెండింగ్ ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదక్కా."

"సరే మేడం, ఉంట."

అబద్ధమెందుకు, ఆ రెండు నిమిషాల ఫోను నాకు విశ్రాంతి. మీటింగుల్లో ఆమె పేరే గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఒక రోజంతా యాప్ పనిచేయలేదు. మర్నాడు ఆమే ఫోన్ చేసింది, గొంతులో కంగారు.

"మేడం, నిన్నటిది ఎక్కలేదు. నేను రిజిస్టర్ల రాసుకున్న. ఫోటో పెట్టాల్నా?"

వద్దనేలోపే ఫోటో వచ్చింది. స్కేలు పెట్టి గీతలు కొట్టిన పేజీ. తేదీ, మనసు, నిద్ర, అభ్యాసం. చక్కని దస్తూరి. వరసగా సంతోషం, ఏడు గంటలు, చేసినాను. కిందికి చూస్తూ పోయాను. ఆ రోజు పన్నెండో తారీఖు. రిజిస్టరు నెలాఖరు దాకా నిండి ఉంది.

వెంటనే ఫోన్ చేశాను.

"అక్కా, ఎల్లుండి సంతోషంగ ఉంటరని ఇయ్యాల్నే ఎట్ల తెలిసింది?"

వెనక పిల్లల అల్లరి వినిపిస్తోంది.

"పిల్లల బరువులు, గుడ్లు, పాలు, అన్నీ ఫోన్లనే ఎక్కిస్తం మేడం. ఇది గూడ గసుంటిదే అనుకున్న. లేటయితే మీకు మాటొస్తది గదా."

"మరి బతకొద్దని అనిపిస్తున్నదా అని అడుగుతది గదా యాప్‌ల. దానికేం పెట్టిండ్రు?"

"లేదని పెట్టిన. అవునంటే పైనుంచి ఎంక్వైరీ వస్తదనుకున్న."

"ఇప్పుడు నేను అడుగుతున్న. నాకు చెప్పుండ్రి."

"బతుకబుద్ధి అయితలేదు మేడం. ఇద్దరు ముగ్గురు పిల్లలు నా కొంగు పట్టుకొని తిరుగుతరు. గా మొకాలు చూసి దినం ఎల్లదీస్తున్న. నిద్రంటరా, రెండు గంటలు."

రెండు నెలలుగా వారం వారం నేను అడిగాను, ఆమె జవాబిచ్చింది. ఇద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. సిగ్గనిపించింది. అదే ఊళ్లో ఉండే ఆమె చెల్లెలి నంబరు అడిగి తీసుకుని, ఇంకో ఫోన్ నుంచి కబురు పెట్టి, ఆ చెల్లెలు వచ్చి పక్కన కూర్చునేదాకా నేను ఫోన్ పెట్టేయలేదు. మర్నాడు అక్కచెల్లెళ్లిద్దరూ బస్సెక్కి మెదక్ వచ్చారు. దవాఖానకు నేనే వెంట వెళ్లాను. మందులు మొదలయ్యాయి.

"ఇగ యాప్ ముట్టకుండ్రి. మాట్లాడాలనిపిస్తే మిస్డ్ కాల్ ఇయ్యుండ్రి," అని చెప్పి పంపాను.

వారం తిరక్కుండా ఆమె పేరు ఎర్రబడింది. హైదరాబాదు నుంచి మా సూపర్‌వైజర్ ఫోన్ చేసి, "సమీనా, నీ బెస్ట్ యూజర్ ఎందుకు మానేసింది?" అని అడిగారు. సంజాయిషీ రాసిచ్చాను. మిస్డ్ కాల్స్ వస్తూనే ఉన్నాయి, కానీ అవి ఎంగేజ్‌మెంట్ లెక్కలోకి రావు. ఒక్కో ఫోను అరగంట. ఆ అరగంటల్లో నా జాబితాలో ఇంకొన్ని పేర్లు ఎర్రబడేవి.

మూడు నెలల తర్వాత సుగుణక్క పేరు మీద యాప్‌లో ఒక ఎంట్రీ వచ్చింది. ఏడుపు బొమ్మ. నిద్ర నాలుగు గంటలు. అభ్యాసం చేయలేదు. ఆ ఏడుపు బొమ్మను చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఫోన్ చేశాను.

"ఇయ్యాల మా ఆయన మస్తు యాదికొచ్చిండు చెల్లె. నువ్వు ఫోన్ చేస్తవని తెల్సు, గందుకే నిజం పెట్టిన."

మేడం కాస్తా చెల్లె అయింది. ఫారం వెనక ఒక మనిషి ఉందని తెలిస్తేనే ఎవరైనా అందులో నిజం రాస్తారని, ఇన్నాళ్ల ఉద్యోగంలో నాకు అప్పుడు తెలిసింది.

ఆ శనివారం మా ఫారం మొదటిసారి చదివాను. 'అలసిపోయాను, వినే ఓపిక తగ్గుతోంది' అని రాసి పంపాను. సకాలంలో పంపినందుకు ధన్యవాదాలు అని వెంటనే మెసేజ్ వచ్చింది. రెండు నెలలు దాటింది. ఫోన్ మాత్రం ఇంకా ఎవరూ చేయలేదు.