అన్నయ్య ఒప్పుకున్న టైర్లు

ఆమెను అందరూ నొప్పులమ్మ అనేవారు. ఎదురుగా కాదు, ఆమె మెట్లు దిగి వెళ్లిపోయాక. పట్టేసిన మెడలు, మొరాయించే మోకాళ్లు, ఆపరేషన్ తరువాత కదిలేది లేదని మొండికేసిన భుజాలు, వీటన్నిటినీ దారికి తేవడం ఆమె ఉద్యోగం. ఆస్పత్రి పంపిన ఇళ్లకు వెళ్లి, మంచం పక్కన నిలబడి వ్యాయామం చేయించేది. బొటనవేళ్లలో ఎంత బలమో నోట్లో అంత తీపి. "ఇంకొక్కసారి నాన్నా, ఇదే ఆఖరు" అని బుజ్జగిస్తూ ఆఖరివే అరడజను లాగించేది. పళ్లు కొరుక్కుంటూ చేసినవాళ్లే, మర్నాడు ఆమె వచ్చే వేళకు తలుపు తీసి పెట్టుకుని కూర్చునేవాళ్లు.

ఆమె తిరిగేది ఒక పాత రేసు సైకిలు మీద. సన్నటి ఉక్కు గొట్టాల చట్రం, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. అది అన్నయ్యది. అన్నయ్య వారమంతా ప్రెస్సులో అచ్చు మిషన్ నడిపి, ఆదివారం వస్తే సైకిలు పందేలకు పోయేవాడు. గెలిచిన కప్పుల్లో వదిన గరిటెలు పెట్టుకునేది. చెల్లెలికి ఉద్యోగం వచ్చిన రోజున ఆయన ఆ సైకిలు తుడిచి, నూనె వేసి, సీటు దించి ఆమె చేతికిచ్చాడు. ఇచ్చాడన్న మాటేగాని, మనసు మాత్రం దాని మీదే ఉండేది. వారానికోసారి చెల్లెలు రాగానే ముందు సైకిలును పలకరించి, తరువాత ఆమెను పలకరించేవాడు. టైర్ల విషయంలో మరీ పట్టింపు. ఇరవై మూడు మిల్లీమీటర్ల సైజు, వేలెడు మందం, అందులో రాయిలా బిగిసిపోయేంత గాలి. "టైరును వేలితో నొక్కితే వంగాల్సింది వేలు, టైరు కాదు" అనేవాడు.

అలాంటి మనిషి, ఎన్నో కొండదారులను గాలిలా దిగివచ్చిన మనిషి, చివరికి వంటింట్లో బల్బు మారుస్తూ స్టూలు మీద నుంచి పడ్డాడు. ఎడమ తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఎముక అతుక్కుంది, ఇక నడవడమే మందు అని డాక్టరు చెప్పాడు. నడిపించడానికి ఇంటి మనిషే ఉంది కదా అని అందరూ నిశ్చింతగా ఉన్నారు.

ఆ మనిషికే తల ప్రాణం తోకకొచ్చింది. ఊరందరి కాళ్లనూ లొంగదీసిన నొప్పులమ్మ మాట అన్నయ్య కాలు దగ్గర చెల్లలేదు. బతిమాలింది, కసిరింది, కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. ఆయన మంచం నుంచి కిటికీ దాకా వచ్చేవాడు, కుర్చీలో కూలబడేవాడు. "నడిచాను కదే చిట్టీ" అనేవాడు. చేతికర్ర ఇస్తే కుడిచేత్తో పట్టుకోమన్నా పట్టుకోక, ఎడమచేత్తో పట్టుకుని అటే ఒరిగిపోయేవాడు. గుమ్మం దాటమంటే మాత్రం ససేమిరా.

"నొప్పా అన్నయ్యా?" అని ఒకరోజు నెమ్మదిగా అడిగింది.

"నొప్పేం లేదు."

"మరి?"

ఆయన కిటికీలోంచి వీధిలోకి చూశాడు. "ఈ వీధిలో నేను నడిచింది ఎప్పుడే? సైకిలు దిగింది ఎప్పుడు?" అన్నాడు. "ఇప్పుడు కర్ర పట్టుకుని కుంటుకుంటూ పోతే ప్రతివాడూ పాపం అంటాడు. నాకొద్దు."

మోకాలికి వ్యాయామం ఉంది, తుంటికి ఉంది, సిగ్గుకు ఆమె చదువుకున్న పుస్తకాల్లో ఎక్కడా లేదు.

అలా ఉండగా కాలవ గట్టు రోడ్డును మంచినీళ్ల పైపుల కోసం తవ్వారు. పైపులు వేశారు, మట్టి కప్పారు, మీద కంకర పోసి వెళ్లిపోయారు. తారు వేసేవాళ్లు మళ్లీ ఆ ఛాయలకు రాలేదు. ఆమె వెళ్లే ఇళ్లలో సగం ఆ గట్టు మీదే. అక్కడ అన్నయ్య సన్నటైర్ల మీద పోతుంటే దవడలు టకటకలాడేవి, అరచేతులు తిమ్మిరెక్కేవి. పంక్చర్లకు లెక్క లేదు. రోగుల చేతులు పిసకాల్సిన చేతులతో రోడ్డు పక్కన కూర్చుని ట్యూబు పిసకడమే సరిపోయేది. ఒక ఉదయం ముందు చక్రం కంకరలో కూరుకుపోయి పక్కకు తిరిగింది. ఆమె ఒకవైపు, సంచి ఒకవైపు. మోచెయ్యి గీరుకుపోయింది, టైరు పక్క చీలింది.

దగ్గరలో ఉన్నది అన్నయ్య ఇల్లే. సైకిలు నడిపించుకుంటూ వెళ్లి లోపలికి తెచ్చి గోడకు ఆనించింది. అన్నయ్య కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"అయ్యో, పక్కంతా చీరుకుపోయిందే" అన్నాడు.

"దాని మోచెయ్యి కూడా చీరుకుపోయింది, అది కనిపించిందా మీకు?" అంది వదిన, దూది తెస్తూ.

ఆయన నాలిక కరుచుకున్నాడు. మందు రాయించుకుంటూనే ఆమె తెగేసి చెప్పింది. "ఈ దారాలు నాకొద్దన్నయ్యా. తారైనా, కంకరైనా, మట్టైనా పోయేలా వెడల్పు టైర్లు వేయిస్తాను. మందంగా, గట్టిగా ఉండేవి."

"రేసు సైకిలుకా?" ఆయన గొంతు మారిపోయింది. "దానికి గున్నఏనుగు పాదాలు తగిలిస్తావా?"

"పడేది నేను. పాదాలు నాకు కావాలి."

"పట్టవే పిచ్చిదానా. చట్రంలో చోటెక్కడుంది?"

"సైకిలు షాపులో కుర్రాడు ముప్ఫై రెండు పడుతుందన్నాడు."

"ఎవడు వాడు? వాడి మొహం. ముప్ఫై రెండా? ఇటు తే, ఇలా దగ్గరికి తే." ఆమె సైకిలును ఆయన ముందుకు తెచ్చింది. ఆయన కుర్చీ చెయ్యి పట్టుకుని లేచాడు. వెనక చక్రం పక్కన సన్నగా వచ్చే గొట్టాల మధ్యకు వంగి, వేలు పెట్టి చూపించసాగాడు. "ఇక్కడ చూడు. టైరుకీ గొట్టానికీ మధ్య రెండు వైపులా పెన్సిలు దూరేంత ఖాళీ అయినా ఉండాలి. తొక్కినప్పుడు చక్రం ఊగుతుంది, బురద పడుతుంది, అంతా చూసుకోవాలి. ఇక్కడ, ఈ బ్రేకు కింద, మరీ తక్కువ."

ఆమె ఖాళీ వైపు చూడటం లేదు. ఆయన తుంటి వైపు చూస్తోంది. కిందటి వారం ఎంత ప్రాధేయపడినా వంగని నడుము, అడక్కుండానే వంగింది. ఆమె వదిన వైపు చూసింది. వదిన దూది పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మర్నాడు ఆమె షాపులో ఆ కుర్రాడి చేత ముప్ఫై రెండే వేయించింది, గుబ్బలున్నది. ముందు చక్రానికి బాగానే పట్టింది. వెనకది గాలి తీస్తేగాని బ్రేకుల మధ్యకు దూరలేదు, దూరాక తొక్కితే గొట్టానికి రాసుకుంటూ సర్రుసర్రుమంది. ఆ చప్పుడుతోనే అన్నయ్య ఇంటికి తెచ్చింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"చెప్పానా? నేను చెప్పానా లేదా?"

"చెప్పావు. ఇప్పుడేం వేయమంటావో నువ్వే వాడికి చెప్పు. నాకు చెప్పడం చేతకాదు."

ఆయన ఫోను తీశాడు. అవతల ఎత్తింది కుర్రాడు కాదు, షాపాయనే. నిదానస్తుడు, దేనికీ తొణకడు. రిమ్ము వెడల్పు ఎంతో, లోపల ఎంతో, బ్రేకు ఎంత పొడుగో అడుగుతూ పోయాడు. ఈయన ఒకటి చెబితే ఆయన ఇంకొకటి అడుగుతాడు. చివరికి, "సార్, చక్రం చూడకుండా మాటలతో టైరు వేయలేను కదండీ. సైకిలుతో మీరే రండి" అని పెట్టేశాడు.

అన్నయ్య ఫోను వైపు కాసేపు గుర్రుగా చూశాడు. "నా ప్యాంటు ఎక్కడుంది?" అన్నాడు.

వదిన పరుగెత్తలేదు, పరుగెత్తితే ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని. మామూలుగా నడిచి వెళ్లి, మామూలుగా తెచ్చి ఇచ్చింది. తెచ్చేటప్పుడు మాత్రం గుమ్మానికి కాలు తగిలించుకుంది.

చెల్లెలు సైకిలు పట్టుకోబోతే ఆయన పట్టుకోనివ్వలేదు. పాత అలవాటు ప్రకారం దాన్ని తన కుడి పక్కన ఉంచుకుని, ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఒక చెయ్యి సీటు మీద వేసి బయలుదేరాడు. ఆమె ఒక అడుగు వెనక నడిచింది. బరువు కుడివైపుకు, సైకిలు మీదకు పోతోంది. ఎడమ తుంటి తేలిగ్గా ముందుకు సాగుతోంది. నెలల తరబడి ఆమె చెప్పి చెప్పి విసిగిపోయిన నడక అదే.

వీధిలో ఒక్కరూ పాపం అనలేదు. అరుగు మీద పేపరు చదువుతున్న పొరుగాయన తలెత్తి, "ఏం సార్, పంక్చరా?" అన్నాడు.

"పంక్చరు కాదు, టైరు సైజు తప్పు" అన్నాడు అన్నయ్య, ఆగకుండా. ఆ గొంతులో దర్జా విని ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సైకిలు నడిపించుకుపోతున్న మనిషిని చూసి కాలేమైందని ఎవరడుగుతారు? అందరి కళ్లూ టైరు మీదే.

షాపు దగ్గర బల్ల మీద కూలబడి నీళ్లు తాగాక యుద్ధం మొదలైంది. అన్నయ్యకు పల్చగా, సన్నగా, తేలిగ్గా పరుగెత్తే టైరు కావాలి. ఆమెకు చావులేని టైరు కావాలి. షాపాయన మధ్యలో నిలబడి ఇద్దరికీ తలూపాడు. తరువాత లోపలికి వెళ్లి, అరిగిపోయిన పాత టైరు కోసిన ముక్క ఒకటి తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టాడు. నేలను తాకే రబ్బరు, దాని కింద మేకులూ గాజుముక్కలూ దిగకుండా అడ్డుపడే ఇంకో పొర, పక్కల్లో రాళ్లకు చీలకుండా రబ్బరు పూత, అన్నీ అంచులో చారలు చారలుగా కనిపిస్తున్నాయి.

అన్నయ్య దాన్ని తిప్పి తిప్పి చూశాడు. గోరుతో గీరాడు. "బరువెక్కువ" అన్నాడు.

"బరువేనండి. అమ్మగారు పందేనికి పోవట్లేదు కదా."

"సైజు?"

"ఇరవై ఎనిమిది వేద్దాం. టైరు మీద ఇరవై ఎనిమిదే రాసి ఉంటుంది గాని, మీ రిమ్ము మీద గాలి పట్టాక కొంచెం ఉబ్బుతుంది. మీరన్న పెన్సిలు ఖాళీ అప్పటికీ మిగులుతుంది. మధ్యలో నున్నగా, అంచుల్లో సన్నటి గీతలతో ఉంటుంది. తారు మీద ఈడ్చదు, కంకరలో జారదు. గాలి మాత్రం మునుపటిలా దట్టించకూడదు."

"తగ్గించాలా?" అన్నయ్యకు ఇది మింగుడుపడలేదు. "గాలి తగ్గిస్తే బరువుగా పోదూ?"

"నున్నటి రోడ్డయితే మీ మాట కొంత నిజమే. గతుకుల్లో గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, ఎగిరినప్పుడల్లా వేగం పోతుంది. మెత్తటిది గతుకును మింగేసి సాగిపోతుంది. ఒకసారి తొక్కి చూడండి, మీకే తెలుస్తుంది."

తొక్కి చూడండి అన్న మాటకు అన్నయ్య దగ్గి, "అదే తొక్కి చెబుతుందిలే" అన్నాడు చెల్లెల్ని చూపించి.

ఆ సైజు షాపులో లేదు, తెప్పించాలి. ఈలోగా చీలినదానికి లోపల అతుకు వేసి పాత సన్నటైర్లే మళ్లీ ఎక్కించారు. తెప్పించినవి పక్కలు గోధుమరంగువి వచ్చాయి. నల్లచట్రానికి నల్లవే కావాలని అన్నయ్య పట్టుబట్టాడు, షాపుదాకా వెళ్లి చెప్పి వచ్చాడు. నల్లవి వచ్చాయా అని కనుక్కోవడానికి ఒకసారి, కొత్త ట్యూబులు ఎంచడానికి ఇంకోసారి వెళ్లాడు. ప్రతిసారీ సైకిలు కావాలనేవాడు. ఆమె పొద్దున్నే వచ్చి కాఫీ తాగుతూ కూర్చునేది, ఆయన షాపుదాకా తీసుకెళ్లి తెచ్చాక పనికి బయలుదేరేది. పేషెంట్లకు ఫోను చేసి, అరగంట ఆలస్యమవుతుందని చెప్పేది.

"ఆ షాపులో ఇంకా రంగులేమీ లేవా?" అని వదిన ఆమె చెవిలో గుసగుసలాడింది ఒకనాడు.

నల్లవి వచ్చాయి. బిగించాక ఖాళీలన్నీ అన్నయ్యే పెన్సిలు పెట్టి చూశాడు. పెదవి విరిచి, తలవంచి చూసి, మళ్లీ విరిచి, చివరికి "పరవాలేదు" అన్నాడు. ఆయన నోటివెంట అంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ వినలేదు.

ఆమె ఆ రోజు గట్టు మీద పోతూ ఊపిరి బిగబట్టుకుంది. కంకర మొదలైంది. దవడలు టకటకలాడలేదు. చక్రాల కింద రాళ్లు గింజలు నమిలినట్టు కరకరమన్నాయి, హ్యాండిలు చేతిలో బుద్ధిగా ఉంది. గట్టు మీద మొదటి ఇంట్లో భుజం పట్టేసిన ముసలమ్మ, "ఇవాళ చేతులు వెచ్చగా ఉన్నాయే, వణకట్లేదు" అంది.

సాయంత్రం అన్నయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "ఎలా ఉంది? ఈడుస్తోందా?"

"లేదు. పరుపు మీద పోయినట్టుంది."

"పరుపా?" మూతి ముడిచాడు. అంతలోనే టైరు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. అది కొంచెం లోపలికి పోయింది. ఆయన మళ్లీ నొక్కాడు, ఈసారి ఇష్టంగా. "రేపు పొద్దున గాలి నేను చూస్తాను. మెత్తటి టైరుకు రోజూ చూడాలి. నీకు చేతకాదు. సైకిలు ఇక్కడే వదిలేసిపో."

అలా సైకిలు రాత్రిళ్లు అన్నయ్య ఇంట్లో ఉండటం మొదలైంది. పొద్దున్నే ఆయన దాన్ని నడిపించుకుంటూ వీధి చివరిదాకా, తరువాత షాపుదాకా, ఆ తరువాత కాలవదాకా వెళ్లి వచ్చేవాడు. కంకర మీద ఎలా పోతుందో చూడాలి కదా అనేవాడు. మళ్లీ ఎక్కలేదు, ఎక్కమని ఎవరూ అడగలేదు. డాక్టరు ఎక్స్‌రే చూసి సంతోషపడి, వ్యాయామం ఏం చేస్తున్నారని అడిగితే, "నాకు తీరికెక్కడుందండీ, మా చెల్లెలి టైర్లు చూసుకోవడంతోనే సరిపోతోంది" అన్నాడట. పక్కనే ఉన్న వదిన పమిట నోటికి అడ్డం పెట్టుకుందట.

ఇప్పుడు సైకిలు లేకపోయినా ఆయన షాపుకు వెళుతున్నాడు. పాత రేసు సైకిళ్లున్నవాళ్లు, రోడ్లు పాడై విసిగిపోయినవాళ్లు, ఏ టైరు పడుతుందని అడగడానికి వస్తుంటారు. షాపాయన నిదానంగా ఆయన వైపు చూపిస్తాడు. మొన్న ఆమె ఆ దారిన పోతుంటే అన్నయ్య వంగి, ఎవరిదో వెనక చక్రం పక్కన వేలు పెట్టి గట్టిగా వాదిస్తున్నాడు. "ముప్ఫై రెండా? నీకెవరు చెప్పారయ్యా?" అనడం వినిపించింది. ఆమె గంట కొట్టలేదు. కొడితే ఆపి గాలి చూస్తాడు, అవతల ముసలమ్మ భుజం ఎదురుచూస్తోంది.